గిటార్ల మోతలో మునిగిపోతున్న క్రాష్‌కి
తమ్ముడూ, తిరుపతిలో మీ కాలేజీ ఫెస్ట్‌లో నీ డ్రమ్ సెట్‌లోని 14 అంగుళాల క్రాష్ సింబల్ (కర్రతో కొట్టే లోహపు పళ్లెం) గిటార్ల మోతలో వినపడలేదని, అంచు కూడా చీలిందని రాశావు. రాక్‌కి ఆ సైజు చాలదు. 16, 18 జత చూడు, మీడియం మందంలో. పలచటిది కొట్టగానే విచ్చుకుని త్వరగా ఆగిపోతుంది. మందమైనది ఎక్కువసేపు మోగుతుంది గానీ, గట్టిగా కొడితేగాని పలకదు. ఇత్తడివి మాత్రం వద్దు, రేకుడబ్బా మోతే! 20 శాతం తగరం ఉన్న బీ20 కంచు ఖరీదెక్కువ. 8 శాతం ఉండే బీ8 కాస్త పదునుగా మోగుతుంది, రాక్‌కి నాకదే ఇష్టం.

చీలిక సంగతి వేరు. సింబల్ పైనున్న రెక్కల నట్టు బిగించేసి ఉంటావు. వేలితో తడితే సింబల్ ఊగాలి. స్టాండు రాడ్‌కి ప్లాస్టిక్ గొట్టం, సింబల్ కింద ఫెల్ట్ (మెత్తటి బిళ్ల) ఉన్నాయో లేదో చూడు. అంచు మీద నిలువుగా బాదకుండా, కర్రను పక్కకి జారుస్తూ కొట్టు. కొత్తవి చెన్నైలో నీ కర్రలతోనే కొట్టి, పది అడుగుల దూరం నుంచి కూడా విని కొను.