బిల్డరు పుస్తకంలో నీ పేరు

బరంపురం

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, భువనేశ్వర్‌లో నువ్వు ఫ్లాట్ మాట్లాడుకున్నావని చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! మీ నాన్న ఉంటే ఈపాటికి వీధంతా మిఠాయి పంచేవాడు. ఆ మాట మీదే మీ అమ్మ, "ఎవరో బుక్ చేసుకున్నదట, ఇంకా కడుతున్నారట, అతను కెనడా వెళ్ళిపోయాడట, ఆ అగ్రిమెంటు దీని పేరుకి మార్చుకుంటుందట" అంది. అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. కొనొద్దు అనడానికి రాయడం లేదు తల్లీ. కొనుక్కో. డబ్బు కదిలే ముందు కాగితాలు ఏ వరసలో కదలాలో చెప్పడానికి రాస్తున్నాను.

ఇంకా స్లాబులు పడుతున్న ఫ్లాట్‌ని అతను నీకు అమ్మలేడు, అది ఇంకా లేదు కాబట్టి. బిల్డరుతో రాసుకున్న ఒప్పందంలో తన చోటుని నీకు ఇస్తున్నాడు. ఆ చోటుతోబాటు అతని బాకీలూ, ఆలస్యపు వడ్డీలూ, అతను చదవకుండా సంతకం పెట్టిన షరతులూ నీ నెత్తికి వస్తాయి. ఒప్పందంలోని హక్కుని ఒకరు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. బాధ్యతలు మాత్రం అవతలి పక్షం, అంటే బిల్డరు, ఒప్పుకుంటేనే చేతులు మారతాయి. అందుకే ఈ వ్యవహారంలో సంతకాలు మూడు: ఇచ్చేవాడిది, పుచ్చుకునే నీది, బిల్డరుది. మూడో సంతకం లేని కాగితానికి నేను విలువ ఇవ్వను.

మామూలు పనులు నీకు తెలిసినవే, ఒక్క మాటలో చెప్పేస్తాను. కడుతున్న ప్రాజెక్టుల మీద అజమాయిషీ చేసే ఒడిశా రెరా సంస్థ సైట్లో ప్రాజెక్టు నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ గడువు బతికుందో లేదో, మూడు నెలలకోసారి పెట్టాల్సిన ప్రగతి వివరాలు పెడుతున్నారో లేదో చూడు. ఒప్పందంలో రాసిన కార్పెట్ ఏరియా (లోపల వాడుకునే నేల కొలత), మంజూరైన ప్లాను, బ్రోచరు మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడు. అతను కట్టిన ప్రతి రసీదునీ అతని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చు.

మీ నాన్న చేసిన పొరపాటు ఇన్నేళ్ళూ నీకు చెప్పొద్దంది మీ అమ్మ. ఇప్పుడు చెప్పక తప్పదు.

2009లో బావ విశాఖలో ఇలాగే, కడుతున్న బిల్డింగులో ఒక ఫ్లాట్ తీసుకున్నాడు. మొత్తం ధర 24 లక్షలు. మొదట బుక్ చేసినతను అప్పటికి 11 లక్షలు కట్టాడు. ఆ 11 లక్షలూ బావ అతనికిచ్చేశాడు. నోటరీ చేసిన అగ్రిమెంటు, ఒక జీపీఏ (అతని తరఫున వ్యవహరించడానికిచ్చే పవర్ పత్రం), రసీదుల ఫైలు చేతికొచ్చాయి. ఒరిజినల్ రసీదులు తన బీరువాలో ఉన్నాయి కాబట్టి ఫ్లాట్ తనదేననుకున్నాడు. బిల్డరు ఆఫీసుకి వెళ్ళి పేరు మార్పించుకోలేదు. వాళ్ళు అడుగుకి ఇంత అని ట్రాన్స్‌ఫర్ ఫీజు అడుగుతారు, అదెలాగూ రిజిస్ట్రేషన్ నాటికి చూసుకోవచ్చు అని ఎవరో చెబితే విన్నాడు.

బిల్డరు రిజిస్టర్లో పాత పేరే ఉంది, పాత చిరునామాయే ఉంది. నాలుగో స్లాబు పడింది, వాయిదా కట్టమనే డిమాండు లెటరు పాత చిరునామాకి వెళ్ళింది. ఐదో స్లాబుకీ అంతే. ఆ ఒప్పందంలో కొనేవాడు ఆలస్యం చేస్తే ఏడాదికి 18 శాతం వడ్డీ. మూడు డిమాండ్ల తరవాత రద్దు నోటీసు పంపారు. ఆ కవరు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఎడమ మూలన పోస్టుమాన్ నీలం పెన్నుతో 'లెఫ్ట్' అని రాసి, తారీఖు వేసి తిప్పి పంపాడు. చట్టం లెక్కలో నోటీసు ఇచ్చినట్టే, ఎందుకంటే ఒప్పందంలో ఉన్న చిరునామాకే పంపారు. ధరలో 10 శాతం, అంటే 2 లక్షల 40 వేలు, బయానా కింద కోసుకుని, వడ్డీ మినహాయించి, మిగిలిన చెక్కు మొదటివాడి పేరుమీదే రాశారు. బావకి ఈ సంగతి తెలిసేసరికి ఆ ఫ్లాట్‌లో ఇంకొకరి గృహప్రవేశం అయిపోయింది.

బిల్డరుని అడిగితే "మీరెవరండీ?" అన్నాడు. ఆ ప్రశ్నకి మన దగ్గర జవాబు లేదు. జీపీఏలూ ఇలాంటి అగ్రిమెంట్లూ స్థిరాస్తి మీద హక్కుని బదిలీ చేయవని 2011లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది కూడా. మొదటివాడి వెంట పడి పడి ఐదేళ్ళకి సగం రాబట్టాడు బావ. ఆ ఐదేళ్ళలోనే నీకు ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ఫీజుకి మీ అమ్మ గాజులు ఎందుకు వెళ్ళాయో ఇప్పుడు అర్థమైందా? బావని తప్పు పట్టకు. ఆయన ఒక్క సంతకం తక్కువ తీసుకున్నాడు, అంతే.

కాబట్టి అతని చేతికి మొత్తం ఇచ్చే ముందు బిల్డరు లెటర్‌హెడ్ మీద ఒక కాగితం తీసుకో. అందులో ఇవి ఉండాలి: ఫ్లాట్ నంబరు, ఈ తారీఖు దాకా ముట్టిన మొత్తం, ఈ తారీఖుకి బాకీ ఎంత, ఆలస్యపు వడ్డీ ఉందా లేదా, బదిలీకి అభ్యంతరం లేదన్న మాట, ఫీజు ఎంతన్నది. బయానా ఏమైనా ఇస్తే బ్యాంకు ద్వారానే ఇవ్వు, బిల్డరు ఒప్పుకోకపోతే తిరిగి ఇవ్వాలన్న షరతుతో. స్థిరాస్తి వ్యవహారంలో 20 వేలూ ఆపైన నగదుగా బయానా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టమే అంటోంది. అసలు మొత్తం మాత్రం మూడు పక్షాలూ బిల్డరు ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టిన రోజునే, ఆ గదిలోనే. మొదటి ఒప్పందం రిజిస్టరై ఉంటే బదిలీ పత్రం కూడా రిజిస్టరు చేయించు. ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోవాలంటే ముందు రిజిస్టరు ఒప్పందం రాయాలని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. అతను 62 లక్షల్లో 38 కట్టాడన్నారు కదా, రిజిస్టరు ఒప్పందం లేకపోతే అక్కడే ఆగి ఎందుకు లేదో అడుగు.

ఇక నాకు భయం వేసే రెండో చోటు. పేరు మార్చేటప్పుడు బిల్డరు నీచేత ఒక అండర్‌టేకింగ్, అంటే హామీ పత్రం, రాయించుకుంటాడు. రెండు పేజీలు, సన్నటి అక్షరాలు, ఆఖర్న పెట్టి "ఇక్కడ సైన్ చేయండి మేడమ్" అంటారు. అందులో ఎక్కడో మధ్యన, ప్రాజెక్టు ఆలస్యం గురించి తెలిసే తీసుకుంటున్నాననీ, గడిచిన దానికీ రాబోయే దానికీ పరిహారం కోరననీ ఉంటుంది. దాని పక్కనే "సవరించిన గడువు" అంటూ కొత్త తారీఖు. ఆ తారీఖు ఒప్పుకుంటే పాత గడువు ప్రకారం నీకు రావలసిన వడ్డీకి నీ చేత్తోనే నీళ్ళు వదిలినట్టు. రెరా చట్టం 'అలాటీ' (ఫ్లాట్ కేటాయింపు పొందినవాడు) అన్న మాటకిచ్చిన అర్థంలోనే తరవాత బదిలీ ద్వారా వచ్చినవాళ్ళూ ఉన్నారు. మొదటి కొనుగోలుదారు కాదన్న ఒక్క కారణంతో పరిహారం కాదనకూడదని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాకపోతే వడ్డీని బదిలీ సంగతి బిల్డరుకి తెలిసిన తారీఖు నుంచి లెక్కగట్టింది. అంటే గడిచిన ఆలస్యానికి నీకు దక్కేది తక్కువ, అది అతనితో ధర మాట్లాడేటప్పుడే తగ్గించుకోవాలి. రాబోయే ఆలస్యం మీద హక్కుని మాత్రం వదులుకోవద్దు. ఆ వాక్యం కొట్టేయించి, పక్కన ఇద్దరి చేతా పొడి సంతకాలు పెట్టించు. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, అక్కడ సంతకం పెట్టకు. మొహమాటపడకు, నీకు మీ నాన్న మొహమాటం వచ్చింది.

అతనికి గృహరుణం ఉందా? ఉంటే అసలు కాగితాలు బ్యాంకు దగ్గర ఉంటాయి. ఇవాళ్టి తారీఖుతో బాకీ లెటరు తెప్పించి, ఆ మొత్తం నేరుగా ఆ రుణఖాతాకే కట్టు, మిగతాదే అతనికి. లోను తీరిన లెటరు, బిల్డరు పుస్తకంలో బ్యాంకు పేరు తీసేసిన లెటరు, రెండూ వేరు వేరుగా కావాలి. బిల్డరే ప్రాజెక్టు మీద అప్పు తెచ్చి ఉంటే, నీ ఫ్లాట్‌కి ఆ బ్యాంకు ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న లెటరు, అడుగు.

నేల సంగతి. నువ్వు ఒడియా బడిలో చదివినదానివి, పట్టా నువ్వే చదవగలవు, ఏజెంటు చదివి చెబితే వినకు. ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో ఖాతా, ప్లాటు నంబర్లు ఒప్పందంతో కలుస్తున్నాయా, నేల రకం చెప్పే కిసమ్ దగ్గర ఘరబారి (ఇళ్ళ స్థలం) అని ఉందా, రిమార్కుల గడిలో ఏముంది చూడు. స్థలం వేరేవాళ్ళది, బిల్డరు కట్టి పంచుకునే పద్ధతైతే, నీ ఫ్లాట్ నంబరు బిల్డరు వాటాలో ఉందని పంపకం పత్రంలో చూడాలి. స్థలం యజమాని వాటాలో పడిందంటే అతని సంతకం కూడా కావాలి.

అతను కెనడాలో ఉండి ఎవరికైనా పవర్ ఇస్తే ఆ పత్రం ఒరిజినల్ చూడు. విదేశంలో రాసినది మన దేశానికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. అందులో 'బదిలీ చేయడానికి, డబ్బు తీసుకోవడానికి' అని స్పష్టంగా ఉండాలి, ఊరికే 'చూసుకోవడానికి' అంటే చాలదు. భార్య పేరు కూడా ఒప్పందంలో ఉంటే ఆవిడా సంతకం పెట్టాలి. అతను ఎన్నారై అయితే, 50 లక్షలూ ఆపైన అయితే కొనేవాళ్ళు అమ్మేవాడి డబ్బులోంచి ఒక శాతం పన్ను కోయడమన్న మామూలు లెక్క ఇక్కడ పనికిరాదు. ఎక్కువ కోయాలి, కోయకపోతే ఆ బాధ్యత నీది. తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోమని అతనికి ఇప్పుడే చెప్పు, దానికి వారాలు పడుతుంది. మిగిలిన 24 లక్షల వాయిదాల మీద 5 శాతం జీఎస్టీ, అంటే లక్షా 20 వేలు, నువ్వే కట్టాలి. ట్రాన్స్‌ఫర్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. ఇవన్నీ కలిపాక అతను అడుగుతున్న లాభం ఇవ్వదగ్గదో కాదో చూసుకో.

లోనిచ్చే బ్యాంకు లాయరు చూశాడు కదా అని ఊరుకోకు. ఆయన బ్యాంకు డబ్బు క్షేమం చూస్తాడు, నీ గడువూ నీ పరిహారమూ ఆయనకి పట్టవు. బిల్డరుతోగానీ ఏజెంటుతోగానీ సంబంధం లేని లాయరుని పెట్టుకుని, అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకో.

శుక్రవారం సాయంత్రం బండెక్కితే రాత్రి భోజనానికి ఇక్కడుంటావు. మీ అత్త వంకాయ కారం పెట్టి కూర చేస్తానంది. మొదటి ఒప్పందం, పేమెంటు షెడ్యూలు, రసీదులు, బిల్డరు ఇస్తానన్న అండర్‌టేకింగ్ నమూనా, అన్నీ జిరాక్సులు తే, ఒరిజినల్స్ రైల్లో తేవద్దు. శనివారం పొద్దున్న కూర్చుని ఒక్కో పేజీ చదువుదాం. మీ నాన్న ఫైలు కూడా తీసి బల్ల మీద పెట్టాను.

మీ మావయ్య