పొలం ఎవరిదో 'కు' చెబుతుంది

సందేహం: మా పుట్టిల్లు బొబ్బిలి దగ్గర పల్లె. నన్ను నరసన్నపేట ఇచ్చారు. పెళ్ళప్పుడు నాన్న పసుపు కుంకుమ కింద 60 సెంట్ల పొలం నా పేర రాసి రిజిస్టర్ చేయించారు. మా అత్తగారు దాన్ని "మావాడి కట్నం పొలం" అంటారు. రెండు మాటలూ ఒకటేనా? ఇప్పుడు చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. ఎవరి ఆస్తి ఎవరిదో పెళ్ళికి ముందే తేల్చుకునేలా 'ముందస్తు వివాహ ఒప్పందం' రాయించుకోమని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఆ మాట సరైనదేనా?

సమాధానం: ఒకటి కావమ్మా. కట్నం అంటే మొదట్లో కానుక. పెళ్ళి పందిట్లో 'కట్నాలు చదివించడం' అన్నప్పుడు ఇప్పటికీ ఆ అర్థమే. పోనుపోను అది మగపెళ్ళివారికి ముట్టజెప్పే సొమ్ముగా మిగిలింది. 1892లో విజయనగరంలో ఆడిన 'కన్యాశుల్కం' నాటకం పేరులోని శుల్కం దీనికి ఎదురు దారి: పిల్లకు వెలకట్టి తండ్రికి ఇచ్చే సొమ్ము. అచ్చ తెలుగులో ఓలి. ఓలి తండ్రికి పోయింది, కట్నం అల్లుడికి పోయింది. పసుపు కుంకుమ ఒక్కటే పిల్లకు దక్కింది. ఆ పేరు పోగొట్టుకోకండి.

మీ వాక్యాన్నే చూడండి. 'పసుపు కుంకుమ కింద నాకు ఇచ్చారు' అంటాం. ఇందులో 'కింద' ఏ సందర్భంలో ఇచ్చారో చెబుతుంది, అంతే. సొంతదారు ఎవరో చెప్పేది 'కు'. తెలుగులో కలిగి ఉండటాన్ని చెప్పడానికి వేరే క్రియ అక్కర్లేదు. 'ఆమెకు పొలం ఉంది' అంటే చాలు. మన పాత వ్యాకరణాలు కి, కులను 'యొక్క'తో కలిపి, ఏది ఎవరిదో చెప్పే షష్ఠీ విభక్తిలోనే ఉంచాయి. అందుకే అత్తగారు 'కింద' ముందు ఏ మాట పెట్టినా, దస్తావేజులో 'కుమార్తెకు' అని ఉన్నంతకాలం పొలం మీదే.

చట్టమూ ఇదే దారిలో ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పెళ్ళికి ముందు, పెళ్ళిలో, తర్వాత స్త్రీకి వచ్చిన ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు. తాళి కట్టినంత మాత్రాన భర్తకు అందులో వాటా రాదు. కట్నమే అనుకున్నా, 1961 వరకట్న నిషేధ చట్టం దాన్ని మూడు నెలల్లోగా వధువుకే అప్పగించమంటుంది. ఇంకో భయం కూడా ఊళ్ళలో వింటుంటాను, బాధేస్తుంది: భర్త పోతే పసుపు కుంకుమలు పోతాయి కాబట్టి ఆ భూమీ పోతుందని. పోదు. అది పొలానికి పెట్టిన పేరు, షరతు కాదు.

ఇక రెండోది. 'ముందస్తు' పక్కనున్న మాటకు అంటుకుంటుంది. ముందస్తు ఎన్నికలు అంటే గడువుకు ముందే జరిగే ఎన్నికలు. 'ముందస్తు వివాహం' అంటే తొందరపడి చేసే పెళ్ళి! చెల్లి పెళ్ళి విషయంలో ఈ మాట వింటే పెద్దవాళ్ళకు టెన్షన్ వస్తుంది. 'వివాహపూర్వ ఒప్పందం' సరైనదే, కాస్త బరువు. 'పెళ్ళికి ముందు ఒప్పందం' హాయిగా ఉంది. మాట సంగతి సరే, హిందూ వివాహ చట్టంలో అలాంటి కాగితానికి చోటు లేదు. గోవాలో ఉంది, అక్కడ పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ వల్ల, ముందుగా రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అవుతుంది. ఇక్కడ పెళ్ళితో ఆస్తులు కలిసిపోవు. చెల్లికి పొలం ఇస్తే మీకు ఇచ్చినట్టే ఆమె పేర రిజిస్టర్ చేయించమనండి, 'అల్లుడికి' అనే మాట ఆ కాగితంలో రానివ్వకండి.