వెనిస్‌లో కూల్చేసిన సాన్ జెమినియానో చర్చి చిత్రాలు ఇప్పుడెక్కడున్నాయి?

వెనిస్‌లో సాన్ మార్కో బసిలికాకు ఎదురుగా ఒకప్పుడు ఇంకో చర్చి ఉండేదంటారు, నిజమేనా అని అడిగారు. నిజమైతే ఎందుకు కూల్చారు, లోపలి చిత్రాలు, శిల్పాలు ఏమయ్యాయి అన్నది మీ రెండో ప్రశ్న. చర్చి ఉండేది నిజమే. పేరు సాన్ జెమినియానో. 1807లో నెపోలియన్ పాలనలో కూల్చేశారు. లోపలి వస్తువుల్లో చాలావాటిని ఇప్పటికీ చూడొచ్చు, కాకపోతే ఒక్క చోట కాదు.

నేను కొన్నేళ్లు బొలోన్యాలో ఉద్యోగం చేశాను. మాది గుంటూరు జిల్లాలో క్యాథలిక్ కుటుంబం. చిన్నప్పటి నుంచి పూజకు వెళ్లడం, పీఠం చుట్టూ ఉన్న బొమ్మల్ని చూస్తూ కూర్చోవడం అలవాటు. ఇటలీలో సెలవు దొరికితే చర్చిలు చూడటానికే తిరిగేవాణ్ని. సాన్ జెమినియానో గురించి మొదట తెలిసింది వెనిస్‌లో కాదు, మొదెనాలో. అక్కడి గాలెరియా ఎస్తెన్సే అనే చిత్రాల మ్యూజియంలో, 16వ శతాబ్దపు చిత్రకారుడు వెరోనేసే వేసిన పెద్ద చిత్రాల పక్కన, ఇవి వెనిస్‌లోని ఒక చర్చి ఆర్గాన్ తలుపులు అని రాసి ఉంది. ఆ చర్చి ఏదో, ఎక్కడుందో వెతుక్కుంటూ వెళితే తెలిసింది, అది లేనే లేదని.

దాని చరిత్ర చాలా పాతది. 6వ శతాబ్దంలో బైజాంటిన్ సేనాని నార్సెస్ కట్టించాడని ఆనవాయితీగా చెబుతారు. మొదెనా బిషప్ జెమినియానో, సైనికుడైన మెన్నా అనే ఇద్దరు పునీతుల పేరు మీద కట్టారట. అప్పట్లో పియాజ్జా, అంటే బసిలికా ముందున్న పెద్ద బహిరంగ స్థలం, ఇప్పుడున్నంతలో సగమే ఉండేది, మధ్యలో ఒక కాలువ పారేది, చర్చి ఆ కాలువ ఒడ్డున ఉండేది. 12వ శతాబ్దంలో పియాజ్జాను పెద్దది చేసినప్పుడు కాలువను పూడ్చారు, చర్చిని తీసేసి పడమటి చివరన కొత్తగా కట్టారు. అంటే నెపోలియన్ కన్నా ఆరు వందల ఏళ్ల ముందే ఈ చర్చి ఒకసారి కూలింది, అదీ వెనిస్ వాళ్ల చేతుల్లోనే.

ఆ మొదటి కూల్చివేతను వెనిస్ ఎలా గుర్తుపెట్టుకుందో చూడండి. ఏటా ఈస్టర్ తర్వాతి ఆదివారం డోజ్, అంటే ఆ గణతంత్ర రాజ్యాధినేత, ఊరేగింపుగా ఈ చర్చికి వచ్చేవాడట. పాత చర్చి ఉన్న చోట విచారణ గురువు (విచారణ అంటే ఒక చర్చి కిందికి వచ్చే క్రైస్తవ సమాజం) ఎదురొచ్చి, మా గుడిని తిరిగి ఎప్పుడు కట్టిస్తారని అడిగేవాడట. వచ్చే ఏడాది అని డోజ్ జవాబిచ్చేవాడు. మళ్లీ ఏడాది అదే ప్రశ్న, అదే జవాబు. వందల ఏళ్లు ఇది నడిచిందని చెబుతారు. నాకు ఈ ఆచారం చాలా నచ్చింది. గుడి తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు. అయినా అడగాల్సిన వాళ్లు మానకుండా అడిగారు, రాజ్యం తలవంచి జవాబు చెప్పింది.

ఇక కళ సంగతి. 16వ శతాబ్దం మొదట్లో చర్చిని మళ్లీ కట్టడం మొదలైంది. ఆ పని క్రిస్తోఫరో దల్ లెన్యామే చేతిలో మొదలై, 1557లో యాకొపో సాన్సోవీనో చేతికి వచ్చింది. సాన్సోవీనో పేరు వినకపోయినా ఆయన కట్టినవి మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. పియాజ్జాను ఆనుకున్న చిన్న చౌకం పియాజ్జెత్తా పక్కన ఉన్న గ్రంథాలయం, గంటస్తంభం కింద ఉన్న చిన్న మండపం లొజ్జెత్తా, టంకశాల, అన్నీ ఆయనవే. 1527లో రోమ్ నగరాన్ని సైన్యాలు దోచుకున్నప్పుడు అక్కణ్నుంచి వెనిస్ చేరాడు, 1529లో సాన్ మార్కో కట్టడాల బాధ్యత తీసుకున్నాడు, 1570లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. పియాజ్జాకు ఒక చివర బంగారు మొజాయిక్‌ల బసిలికా. దానికి సరిగ్గా ఎదురుగా, రెండు వైపులా సాగే పొడవాటి ప్రొకురాతియే భవనాల మధ్య, సాన్సోవీనో తెల్లరాతితో కట్టిన చిన్న ముఖభాగం. కనలెత్తో, గ్వార్ది వేసిన పియాజ్జా చిత్రాల్లో పడమటి వైపు చూసేవి దొరికితే గమనించండి, దూరంగా చివరన స్పష్టంగా కనిపిస్తుంది. రెండు పెద్ద భవనాల మధ్య అంత చిన్న గుడి ఇరుక్కున్నట్టు కనిపించాలి, కానీ కనిపించదు. పొడవాటి ఆ వరుసల్ని అదే పట్టి నిలిపినట్టుంటుంది. సాన్సోవీనోకు ఈ గుడి ఎంత దగ్గరిదంటే తన సమాధికి ఇదే చోటు ఎంచుకున్నాడు.

లోపలి వాటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్నవి వెరోనేసే ఆర్గాన్ తలుపులే. 1560 ప్రాంతంలో వేశాడు. ఆర్గాన్‌కు తలుపులేమిటని మీకు అనిపించొచ్చు. గొట్టాల్లోకి దుమ్ము పోకుండా ఆ రోజుల్లో పెద్ద తలుపులు పెట్టేవాళ్లు. వాటికి రెండు వైపులా బొమ్మలు వేయించేవాళ్లు. ఇక్కడ తలుపులు మూసి ఉన్నప్పుడు జెమినియానో, సెవేరో అనే ఇద్దరు బిషప్పులు కనిపిస్తారు. పండుగ పూజలో ఆర్గాన్ వాయించడానికి తలుపులు తెరవగానే వాళ్లు పక్కకు తప్పుకుంటారు. ఒక వైపు స్నాపక యోహాను, ఇంకో వైపు కవచం తొడుక్కున్న మెన్నా వస్తారు, నడుమ గొట్టాల్లోంచి సంగీతం మొదలవుతుంది. అంటే చర్చి పేరులో ఉన్న ఇద్దరు పునీతుల్లో ఒకరు ఆర్గాన్ మౌనంగా ఉన్నప్పుడు, ఇంకొకరు సంగీతంతో పాటు కనిపించేలా ఏర్పాటు.

మొదెనాలో మెన్నా ముందు చాలాసేపు నిలబడ్డాను. గోడలో గూడు ఉన్నట్టు రంగుల్లోనే వేశాడు వెరోనేసే. ఆ గూట్లోంచి ఈ సైనికుడు ఇప్పుడే ఒక అడుగు బయటికి వేయబోతున్నట్టుంటాడు. కవచం మీద వెలుగు పడే చోట తెల్లటి రంగును చిన్న చిన్న గీతలుగా లాగి వదిలేశాడు. దగ్గరికి వెళితే అవి రంగు పూతలు మాత్రమే. నాలుగడుగులు వెనక్కి వస్తే చల్లటి ఉక్కు. మనిషి కూడా మామూలు కన్నా పెద్దగా, కాస్త బరువుగా అనిపిస్తాడు. ఇది వెరోనేసే పొరపాటేమీ కాదు. ఆ బొమ్మ నా కళ్లకు ఎదురుగా ఉండటానికి వేసింది కాదు, పైన ఆర్గాన్ దగ్గర, కింద బల్లల్లో కూర్చున్నవాళ్లు తలెత్తి చూడటానికి వేసింది. ఇప్పుడు అవి గోడకు విడివిడిగా వేలాడే చిత్రాలు. తెరవడం లేదు, మూయడం లేదు, ముందు వైపు, వెనక వైపు అన్న తేడా లేదు. చిత్రం క్షేమంగా ఉంది, కానీ అది చేసే పని పోయింది. మ్యూజియం వాళ్ల తప్పని అనడం లేదు, వాళ్లు చాలా శ్రద్ధగా కాపాడుతున్నారు. మీ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఈ తేడా చెప్పక తప్పదు. కూల్చిన చర్చిలోంచి వస్తువులు బయటపడతాయి, వాటి మధ్య ఉన్న సంబంధం మాత్రం గోడలతో పాటే పోతుంది.

ఇంతకీ ఎందుకు కూల్చారు? 1797లో వెనిస్ గణతంత్రం పడిపోయింది. కొన్నాళ్లు ఆస్ట్రియా చేతిలో ఉండి, 1806లో నెపోలియన్ పెట్టిన ఇటలీ రాజ్యంలో కలిసింది. ఆ పాలనలో ఎన్నో మఠాలు, విచారణలు మూతపడ్డాయి, చాలా చర్చిలు నేలమట్టమయ్యాయి. సాన్ జెమినియానో కూలింది మాత్రం ఒక రాజభవనం కోసం. వైస్రాయ్‌గా వచ్చిన యూజీన్ దె బొహార్నే, నెపోలియన్ సవతి కొడుకు. ప్రొకురాతియే నువోవే భవనాన్ని రాజభవనంగా మార్చారు. దానికి తగ్గ ఘనమైన మెట్లదారి, డాన్సుల హాలు కావాల్సి వచ్చాయి. వాటికి చోటు కోసం గుడిని తీసేసి ఇప్పుడు 'నెపోలియన్ విభాగం' అని పిలిచే భవనం కట్టారు. దాని నెత్తి మీద వరుసగా రోమన్ చక్రవర్తుల విగ్రహాలు నిలబెట్టారు. దాని గుండానే ఇప్పుడు కొర్రెర్ మ్యూజియంలోకి వెళతాం. భవనం అందంగా లేదని అనను. కానీ నాట్యశాల కోసం సాన్సోవీనో గుడిని, అదీ ఆయన సమాధి ఉన్న గుడిని తీసేశారంటే నాకు ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఆ సమాధి కథ కూడా చెప్పాలి. సాన్సోవీనో అవశేషాల్ని అక్కణ్నుంచి తీశాక అవి వేరే చోట్ల ఉండి, చివరికి 20వ శతాబ్దంలో సాన్ మార్కో బసిలికాలో జ్ఞానస్నానాలిచ్చే గదికి, అంటే బాప్టిస్ట్రీకి చేరాయి. ప్రధాన పీఠం వెనిస్‌లోనే సాన్ జొవాన్ని ది మాల్తా చర్చికి వెళ్లింది. ఇంకా పీఠంగానే ఉంది కాబట్టి, అన్నిటిలో అదృష్టం దానిదే అనిపిస్తుంది నాకు. తొమ్మాసో రంగోనే అనే వైద్యుడి కంచు ప్రతిమ ఒకటి ఉండేది, అలెస్సాంద్రో విత్తోరియా చేసింది. ఇప్పుడు అతెనేయో వెనెతో అనే సంస్థలో ఉంది.

అన్నిటికన్నా దూరం తిరిగింది వెనిస్ చిత్రకారుడు తింతొరెత్తో వేసిన చిత్రం. పునీతురాలు అలెగ్జాండ్రియా కాతెరీనమ్మకు ఆమె వేదసాక్షి మరణం, అంటే విశ్వాసం కోసం ప్రాణమివ్వడం గురించి దేవదూత ముందే తెలియజేసే ఘట్టం. పైనుంచి దూత దిగి వస్తాడు, కింద ఆమె తలెత్తి చూస్తుంది. ఒక పక్క పీఠం మీద ఉండే ఈ చిత్రం చేతులు మారి మారి 1987లో లండన్‌లో ఇంగ్లీష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ దగ్గరికి చేరింది. ఆయన అసలు ఇంటిపేరు జోన్స్. తన సంగీత సంస్థకు జోన్స్/తింతొరెత్తో అని పేరు పెట్టుకునేంత ఇష్టం ఆ చిత్రకారుడంటే. 2016లో ఆయన చనిపోయాక ఆ ఏడాది నవంబర్‌లో సదబీస్ వేలంలో 1,91,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. కొన్నాయన దాన్ని ఇంట్లో పెట్టుకోకుండా బెల్జియంలో ఆంట్వెర్ప్‌లోని రూబెన్స్ హౌస్‌కు (చిత్రకారుడు రూబెన్స్ ఇల్లు, మ్యూజియంగా మార్చారు) చూపించడానికి ఇచ్చాడు. 2019లో అది వెనిస్‌కు తిరిగొచ్చింది, డోజ్ ప్యాలెస్‌లో ప్రదర్శన కోసం. నేను చూసింది అప్పుడే. ఆ గది నుంచి బయటికొచ్చి పియాజ్జా దాటి నడిస్తే నాలుగైదు నిమిషాల్లో దాని పాత పీఠం ఉన్న చోటికి చేరిపోతాం. రెండు వందల ఏళ్ల తర్వాత తన విచారణకు అంత దగ్గరగా వచ్చి, ప్రదర్శన అయ్యాక మళ్లీ వెళ్లిపోయింది.

ఇవన్నీ ఎలా మిగిలాయి అన్నది నాకు ముఖ్యమైన విషయం, ఎందుకంటే మా ఊళ్లో ఇలాంటిదే జరిగింది. మా నాయనమ్మ కాలం నాటి చర్చి చిన్నదైపోయిందని తీసేసి పెద్దది కట్టారు. కొత్తది కావాల్సిందే, పండుగలకి జనం బయట ఎండలో నిలబడేవాళ్లు. కానీ పాత చెక్క పీఠం, దాని గూళ్లలో ఉన్న మరియమాత, సూసెయ్యగారి (యోసేపు) స్వరూపాలు, గాజు పలకల కిటికీలు ఎవరెవరి దగ్గరికి పోయాయో ఈ రోజు ఎవర్ని అడిగినా చెప్పలేరు. పని మొదలయ్యే ముందు ఎవరూ కాగితం మీద పెట్టలేదు. సాన్ జెమినియానో వస్తువులు దొరకడానికి కారణం వాటి గురించి ముందే చాలా రాసి ఉండటం. ఎవరు వేశారు, ఏ పీఠం మీద ఉంది, ఎవరు డబ్బిచ్చారు అని వెనిస్ గురించి రాసినవాళ్లు తరతరాలుగా రాసిపెట్టారు. సాన్సోవీనో కొడుకు ఫ్రాంచెస్కోయే నగరంలోని చర్చిల గురించి వివరంగా రాశాడు. పేరు, చోటు రాసి ఉన్న వస్తువు ఎంత దూరం పోయినా ఎక్కడిదో చెప్పగలుగుతాం. మీ ఊళ్లో పాత గుడి గానీ చర్చి గానీ తీసేస్తున్నారంటే, దయచేసి ఫోన్‌తో అయినా సరే ఒక్కో వస్తువూ ఏ చోట ఉందో తెలిసేలా ఫోటోలు తీయండి. దగ్గరి నుంచి ఒకటి, గది మొత్తం కనిపించేలా ఒకటి. ఆ రెండోది చాలామంది తీయరు, తర్వాత పనికొచ్చేది అదే.

మీరు వెనిస్ వెళితే రైలు దిగే స్టేషన్ పేరు సాంతా లూచియా. అది కూడా చర్చి పేరే. స్టేషన్ కోసం 1861లో ఆ చర్చిని కూల్చారు, పునీత లూసియమ్మ భౌతికకాయాన్ని దగ్గర్లోని సాన్ జెరెమియా చర్చికి మార్చారు, ఇప్పటికీ దర్శించుకోవచ్చు. పియాజ్జాలో బసిలికాకు వీపు పెట్టి నేరుగా అవతలి చివరికి నడవండి. కొర్రెర్ మ్యూజియం ఉన్న స్తంభాల నడవలోకి వెళ్లి కింద చూడండి, చర్చి జ్ఞాపకంగా నేలలో ఒక రాతి పలక ఉంటుంది. జనం దాని మీదుగానే నడుస్తుంటారు కాబట్టి ఉదయం పెందలాడే వెళ్లడం మేలు.

వెరోనేసే చిత్రాల కోసం మొదెనాకు ఒక పూట కేటాయించండి, బొలోన్యా నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. జెమినియానో గారు ఆ ఊరి పాలక పునీతుడు, సమాధి అక్కడి కతెద్రల్ భూగర్భ గదిలో ఉంది, పండుగ జనవరి 31న. గాలెరియా, కతెద్రల్ రెండూ నడిచి వెళ్లేంత దగ్గర. తింతొరెత్తో కోసం ఆంట్వెర్ప్ వెళ్లాలనుకుంటే మాత్రం ముందు కనుక్కోండి, రూబెన్స్ ఇంటిని పెద్ద మరమ్మతుల కోసం 2023లో మూశారు.