అత్తను కొట్టాను, నేను మనిషినేనా?

కావలి పక్క పల్లె నుంచి ఒకావిడ రాశారు. వయసు నలభై ఏడు. భర్త రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలాకి పోతాడు, పగలు నిద్ర. మరిది చెన్నైలో, ఆడబిడ్డ ఒంగోల్లో. అత్తకు డెబ్బై ఆరు, మతిమరుపు జబ్బు మొదలై మూడేళ్ళయింది. "ఆమె నన్ను పెట్టిన బాధ మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు ఆడపిల్ల పుట్టిందని చూడ్డానికి కూడా రాలేదు. ఇప్పుడు నన్నే అమ్మా అని పిలుస్తోంది. పోయిన వారం సాయంత్రం పక్క తడుపుకుంది, కడగబోతే గిల్లింది, చెంప మీద కొట్టాను. 'కొట్టొద్దమ్మా, ఇంకెప్పుడూ చెయ్యను' అనింది చిన్నపిల్ల మాదిరి. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అన్నీ మర్చిపోయినామెను మనిషి అనాలా? ఆమెను కొట్టిన నన్ను మనిషి అనాలా? చేట చేతికిస్తే మాత్రం గంటసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతుంది, ఒక్కటి వదలదు. ఎట్టా చెయ్యాలో చెప్పండి."

అమ్మా,

ముందు కొట్టిన సంగతి. అది తప్పే. అలిసిపోయారు గదా, పోనీలెండి అని నేను తేల్చేస్తే మీ మనసు ఒప్పుకోదు, అందుకే అనను. ఎదురు తిరగలేని, రేపు ఎవరితోనూ చెప్పుకోలేని ముసలామె మీద చెయ్యి పడింది, మళ్ళీ పడకూడదు. కోపం చేతుల్లోకి వస్తోందని తెలిసిన క్షణాన ఆమెను కింద పడకుండా కూర్చోబెట్టి, చేసే పని అట్లాగే వదిలేసి పంచలోకి వచ్చేయండి. పది నిమిషాలు తడి చీరలో ఉంటే ఏమీ కాదు. మీ ఊపిరి కుదుటపడ్డాక లోపలికి పోయి మళ్ళీ మొదలుపెట్టండి.

ఆమె ఎందుకు గిల్లిందో కూడా చూడండి. మీరెవరో ఆమెకు తెలియదు. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి చీర లాగుతుంటే మీరైనా నేనైనా గిల్లుతాం. డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్ళకి పొద్దు గూకే వేళ కంగారు ఎక్కువవుతుంది, వెలుతురు తగ్గి నీడలు పెరుగుతాయి, పగలంతా గడిపిన అలసట కూడా తోడవుతుంది. ఆ వేళకే మీరూ వంటతో, నీళ్ళతో, భర్తకి క్యారేజీ కట్టడంతో ఊపిరాడకుండా ఉంటారు. అందుకే మీ ఇంట్లో గొడవలన్నీ సాయంత్రమే జరుగుతున్నాయి. స్నానం పొద్దునకి మార్చండి. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేయండి. కడిగేటప్పుడు ఒక దుప్పటి కప్పి, ఏం చేయబోతున్నారో ముందు చెప్పి, అప్పుడు ముట్టుకోండి.

ఇక ఆమె మనిషా అన్న మాట. ఈ మతిమరుపు జబ్బుల్లో ఎక్కువగా కనిపించేదానికి ఎవరి పేరు పెట్టారో ఆ అల్జైమర్ డాక్టరు దగ్గరికి 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఒకామెను తీసుకొచ్చారు. పేరు అగస్టే డెటర్, వయసు 51. పేరు రాయమంటే రాయలేకపోయింది. నన్ను నేను పోగొట్టుకున్నాను అని చెప్పింది. ఆ మాట ఆసుపత్రి కాగితాల్లో ఉంది. నేను ఈ మాట దగ్గర చాలాసార్లు ఆగిపోయాను. పోగొట్టుకున్నానని బాధపడటానికి లోపల ఎవరో ఒకరు ఉండాలి గదా. మీ అత్త 'కొట్టొద్దమ్మా' అన్నప్పుడు ఆ మాట అన్నది ఎవరు? ఈ జబ్బులో నిన్న జరిగింది ముందు పోతుంది, పేర్లు పోతాయి, దారులు పోతాయి, చిన్నప్పటి నుంచి చేతులకి అలవాటైన పని మాత్రం చాలాకాలం నిలబడుతుంది. అందుకే చేటలో రాళ్ళు తప్పించుకోవడం లేదు. ఇంకొకటి, ఏం జరిగిందో మర్చిపోయినా, దానివల్ల కలిగిన భయమో హాయో మనసులో చాలాసేపు ఉండిపోతుంది. మీరు కొట్టింది ఆమెకు గుర్తుండదు, కానీ మీరు దగ్గరికొస్తే బెదురుతుంది. అట్లాగే మెల్లగా తల దువ్వితే, దువ్వారని మర్చిపోయినా ఆ కుదురు ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకే చేట చేతికివ్వండి. ఆ గంట ఆమెకు పని, మీకు వంట.

మీ పాత బాధ గురించి. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బరువుగా తోచింది ఇదే. అన్నీ చేసినామె అన్నీ మర్చిపోయింది, పడ్డ మీకు మాత్రం తేదీలతో సహా గుర్తుంది. ఆమె మిమ్మల్ని క్షమించమని ఏనాడూ అడగలేదు, ఇక అడగబోదు కూడా. క్షమించెయ్యమని మీకు నేనూ చెప్పను. క్షమించకుండానే అన్నం పెట్టొచ్చు, ప్రేమ లేకుండానే ఒళ్ళు తుడవొచ్చు. మన వైపు కోడలు మనసారా చెయ్యాలి, మూతి ముడవకూడదు అని ఒక లెక్క ఉంది, ఆ లెక్క కట్టింది ఎవరూ మంచం పక్కన కూర్చుని తుడిచినవాళ్ళు కాదు. మీ మనసులో ఏముందో అది మీది, ఉంచుకోండి. ఆమె ఒంటి మీద మాత్రం దెబ్బ పడకూడదు. ఈ రెండూ కలిపేసుకుని మీలో మీరే రోజూ తీర్పు చెప్పుకుంటున్నారు, దానివల్లే ఎక్కువ అలిసిపోతున్నారు.

మీరు మనిషేనా అని నన్ను అడిగారు. నాకు కనపడుతున్నది వేరే. ఆ ఇంట్లో మిమ్మల్నీ ఎవరూ మనిషిగా చూడటం లేదు, రెండు చేతులుగా చూస్తున్నారు. మనిషి అంటే నిద్ర కావాలి, వారానికి ఒక పూట బయటికి పోవాలి, నా వల్ల కాదు అని ఒకరోజు అనగలగాలి. మూడేళ్ళలో మీరు ఒక్కసారి అన్నట్టు ఉత్తరంలో లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువుకి రొట్టెల పండక్కి పోతే నీళ్ళలో నిలబడి ఎవరో తెలియనివాళ్ళని ఆరోగ్య రొట్టె ఉందా అని అడుగుతాం, సిగ్గుపడం. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, మనది తీరితే మరుసటేడు మనమూ పోయి ఇస్తాం. అంత ధైర్యంగా అడిగే మనం ఇంట్లో మొగుణ్ణి మాత్రం రెండు గంటలు మీ అమ్మ దగ్గర కూర్చోమని అడగలేం.

అడగండి. భర్తకి నిద్ర కావాలి, నిజమే, కానీ సాయంత్రం నాలుగు నుంచి గుంటల మీదికి పోయేదాకా ఆయన లేచే ఉంటాడు గదా. కొడుకు తల్లిని ఎట్టా కడుగుతాడు అంటారేమో, సరే, కడగొద్దు, అన్నం తినిపించడానికి, పంచలో నడిపించడానికి ఏ అడ్డూ లేదు. ఆయనకి ఒక మాట తెలియాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో పిల్లలు అంటే కొడుకులు, కూతుళ్ళు, పెద్దయిన మనవళ్ళు, మనవరాళ్ళు. కోడలి పేరు అందులో లేదు. చట్టం ఎత్తి బెదిరించమని కాదు, ఒంగోలు ఆడబిడ్డకీ చెన్నై మరిదికీ ఫోన్ చేసేటప్పుడు మీరు సాయం అడుక్కోవడం లేదు, వాళ్ళ పని వాళ్ళకి గుర్తు చేస్తున్నారు అని మీకు తెలిసి ఉండటానికి. మరిది డబ్బు పంపితే పగటిపూట ఒక మనిషిని పెట్టుకోండి. ఆడబిడ్డ నెలకి నాలుగైదు రోజులు వచ్చి ఉండాలి. మీ అత్తను ఒంగోలుకి పంపడం, చెన్నైకి పంపడం, నెలకో ఇల్లు అని వంతులు వేసుకోవడం మాత్రం వద్దు, ఇల్లు మారితే ఈ జబ్బున్నవాళ్ళు ఇంకా తికమకపడతారు. వంతులు చూసుకునేవాళ్ళకి వేయండి, ఆమెకు కాదు.

డాక్టరు దగ్గరికి మొదట్లో ఒక్కసారే పోయామన్నారు. మళ్ళీ పోవాలి. గిల్లడం, పక్క తడపడం ఈ మధ్యే ఉన్నట్టుండి ఎక్కువైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి, పెద్దవాళ్ళలో అది ఒక్కోసారి మనసు తప్పినట్టే కనిపిస్తుంది, మందులతో తగ్గుతుంది. థైరాయిడ్, బి12 కూడా చూపించండి, మలబద్ధకం ఉందా, నీళ్ళు సరిగా తాగుతోందా గమనించండి. నిద్రమాత్ర ఒకటి వేసేద్దాం అని మీ అంతట మీరు వేయొద్దు, రాత్రి లేచి పడితే తుంటి విరుగుతుంది, అప్పుడు ఇప్పటి కష్టం ఏ మూలకీ చాలదు. నెల్లూరు పెద్దాసుపత్రికి పోతే మానసిక వైద్యులు ఉంటారు. మీ గురించి మీరు మాట్లాడుకోవడానికి 14416, టెలీమానస్ అని మనసు బాధలకి సర్కారు పెట్టిన ఫోను, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూటైనా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు. ముసలివాళ్ళ సంగతులకి 14567.

రేపు మూత్ర పరీక్ష. ఆదివారం భర్త పక్కన కూర్చుని ఆడబిడ్డకి ఫోన్, స్పీకర్ పెట్టి. కొట్టిన సంగతి కూడా ఆయనకి మీరే చెప్పండి, ఇంకొకరి నోటి నుంచి వినేలోపు. విని ఆయన మీ మీద అరిస్తే అరవనివ్వండి, తర్వాత సాయంత్రం నాలుగు గంటల మాట మళ్ళీ ఎత్తండి. నెల తర్వాత నాకు రాయండి, ఆడబిడ్డ వచ్చిందో రాలేదో అది కూడా రాయండి.