రాపూరు సీటు చరిత్ర రాసే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. మన నెల్లూరు జిల్లాలోని పాత రాపూరు అసెంబ్లీ నియోజకవర్గం చరిత్ర రాయాలని కూర్చున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది అబ్బయ్యా. 2004 తర్వాత ఆ పేరుతో అసెంబ్లీ ఎన్నికే జరగలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే అలాంటి సీటు ఒకటి ఉండేదని చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

కానీ నువ్వు మొదలుపెట్టిన చోటు సరిగా లేదు. గెలిచినవాళ్ళు, పార్టీలు, మెజారిటీలు వరసగా రాసుకుంటూ పోయావు. ముందు తేల్చాల్సింది, ఆ ఏడాది ఆ సీటులో ఏ ఏ ఊళ్ళున్నాయని. పైన పేరు అదే ఉంటుంది, కింద నేల మారిపోయి ఉంటుంది. వెంకటగిరినే చూడు. 1989లో నేదురుమల్లి జనార్దన్ రెడ్డి గారు గెలిచి, మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అయిన వెంకటగిరి వేరు. 2009లో రాపూరు మండలం వచ్చి కలిసిన వెంకటగిరి వేరు. ఈ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టి, ఓట్లు ఇంత పెరిగాయని నేనూ ఒకసారి రాశాను. అచ్చయి వచ్చాక గానీ తప్పు కంటపడలేదు. అది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. నీకు అలా జరగకూడదు.

నీ పట్టికలో 1957 ఎన్నిక గడిలో ప్రశ్న గుర్తు పెట్టావు. అక్కడ ఏమీ తప్పిపోలేదు. మన వైపు 1955లోనే ఆంధ్ర రాష్ట్రానికి ఎన్నికలు జరిగాయి. 1957లో అసెంబ్లీకి ఓటేసింది తెలంగాణ వాళ్ళే. మనవాళ్ళు 1962 దాకా కొనసాగారు. ఇంకో సంగతి, 1962కు ముందు జాబితాల్లో కొన్ని సీట్లకు ఇద్దరేసి సభ్యులు కనిపిస్తారు. అవి ద్విసభ్య నియోజకవర్గాలు, అచ్చుతప్పు అనుకుని ఒక పేరు కొట్టేయవద్దు.

నీకు బాగా పనికొచ్చే కాలం 1978 నుంచి 2004 వరకు. 1976 డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) ఉత్తర్వు గీసిన హద్దులతోనే ఏడు ఎన్నికలు జరిగాయి కాబట్టి వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి ధైర్యంగా పోల్చుకోవచ్చు. చిక్కల్లా ఆ ఉత్తర్వు చదవడంలోనే. అందులో మండలాల పేర్లు వెతక్కు. మన రాష్ట్రంలో మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు తాలూకా, దాని కింద ఫిర్కా. ఫలానా తాలూకాలో ఫలానా ఫిర్కాలు అని రాసి ఉంటుంది. ఆ ఫిర్కాలో ఏ ఊళ్ళున్నాయో, అవి తర్వాత ఏ మండలంలో పడ్డాయో నువ్వే ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. ఆ కాలపు జనాభా లెక్కల జిల్లా పుస్తకం పక్కన పెట్టుకో. ఊరి పేర్ల మీద వేలు పెట్టి చదువు. కొన్ని పేర్లు ఇప్పుడు నేల మీద దొరకవు, కండలేరు జలాశయం కింద మునిగిపోయాయి. వాటినీ పటంలో గుర్తు పెట్టు, ఆ ఊళ్ళవాళ్ళూ ఈ సీటుకు ఓటేసినవాళ్ళే.

2001 జనాభా లెక్కల మీద మళ్ళీ హద్దులు గీశారు. ఉమ్మడి రాష్ట్రంలో సీట్లు 294 అలాగే ఉంచి, జనం పెరిగిన హైదరాబాదు చుట్టుపక్కల పెంచారు. ఇక్కడ తగ్గాయి. నెల్లూరు జిల్లాకు 11 నుంచి 10 అయ్యాయి. అల్లూరు, రాపూరు పోయాయి, నెల్లూరు సీటు సిటీ, రూరల్ అని రెండయింది. ప్రకాశంలో 13 నుంచి 12. కంభం, మార్టూరు పోయి యర్రగొండపాలెం వచ్చింది.

2009 ఏప్రిల్‌లో రాపూరు మండలంలో ఒక బూత్‌లో డ్యూటీలో ఉన్నాను. వేలికి సిరా పూయించుకుంటూ ఒక పెద్దావిడ అడిగింది, "మా రాపూరు సీటు ఏడికి పోయింది నాయనా? యెంకటగిరోళ్ళకు మేమెందుకు ఓటెయ్యాల?" అని. నా దగ్గర జవాబు లేదు. సిరా ఆరేదాకా వేలు అలాగే పైకెత్తి నిలబడింది. నువ్వు రాసే చరిత్రలో ఆమె ప్రశ్న ఉండాలి.

నాయకుల సంగతి క్లుప్తంగా రాయి, హద్దులతో ముడిపెట్టి రాయి. ఆనం రామనారాయణ రెడ్డి గారు 1999లో, 2004లో రాపూరు నుంచి గెలిచారు. సీటు పోయాక 2009లో ఆత్మకూరు వెళ్ళారు. 2019లో వెంకటగిరి నుంచి గెలిచారు, అప్పటికి రాపూరు అందులోనే ఉంది. ఏ పార్టీని పొగడకు, తిట్టకు.

జిల్లా హద్దునూ నియోజకవర్గం హద్దునూ కలపవద్దు. 2022 ఏప్రిల్ 4న వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. రాపూరు, కలువాయి, సైదాపురం నెల్లూరులోనే ఉండిపోయాయి. అసెంబ్లీ సీటు మాత్రం మారలేదు. అంటే రాపూరు రైతుకు కలెక్టరు నెల్లూరులో, ఎమ్మెల్యే సీటు వెంకటగిరి, ఎంపీ సీటు తిరుపతి. ఒక అర్జీ పట్టుకుని ఎన్ని బస్సులు ఎక్కాలో లెక్కేసి చూడు.

పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు ఎవరికి ఓటేశారని అడగకు, నోరు కట్టేసుకుంటారు. ఎమ్మెల్యేను కలవాలంటే ఎక్కడికి పోయేవాళ్ళు, ప్రచారానికి జీపు ఊళ్ళోకి వచ్చేదా, రోడ్డు దగ్గరే ఆగేదా అని అడుగు. వాళ్ళే గంటలు చెబుతారు. 2009 తర్వాతి ఎన్నికలకు ఫారం 20 చూడు, బూత్ వారీగా ఓట్లుంటాయి. రాపూరు మండలం బూత్‌లు విడిగా తీసి కూడుకుంటే ఆ జనం తీర్పేమిటో తేలుతుంది.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నా పెట్టెలో తాలూకాల పాత పటం ఒకటుంది, మడతల దగ్గర చిరిగింది, జాగ్రత్తగా పరవాలి. రంగు పెన్సిళ్ళు, ట్రేసింగ్ పేపరు తెచ్చుకో.

మీ మామయ్య