డాక్టర్ సలహా: చిన్న వైబ్రేటర్ వాడాక మంట, తిమ్మిరి.. తేడా నాలో ఉందా, వస్తువులో ఉందా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 36, మాది తూర్పు గోదావరి జిల్లా. మా ఆయన కువైట్‌లో డ్రైవర్, ఏడాదికోసారి నెల రోజులు వస్తారు. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఆయనకి చెప్పే ఆన్‌లైన్‌లో చిన్న పర్సనల్ మసాజర్ తెప్పించుకున్నా. లిప్‌స్టిక్ అంత ఉంటుంది, కొస సన్నగా ఉంటుంది, పైన మెత్తటి గులాబీ రంగు తొడుగు, లోపల బటన్ బ్యాటరీలు. వాడిన ప్రతిసారీ పైభాగం కాసేపు మొద్దుబారిపోతోంది, తర్వాత రెండ్రోజులు దురద, మూత్రానికి వెళ్తే చురుక్కుమంటోంది. తెల్లబట్ట లేదు. కొబ్బరినూనె రాసి వాడుతున్నా, అయ్యాక యాంటీసెప్టిక్ కలిపిన నీళ్లతో దాన్నీ కడుగుతా, నేనూ కడుక్కుంటా. నరాలు దెబ్బతింటాయా? మా ఆయన వచ్చాక ఇబ్బందవుతుందా? అసలు మంచిదేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు నరాల భయం తీసేస్తానమ్మా. బండి మీద గంటసేపు గతుకుల రోడ్డులో వెళ్లొస్తే హ్యాండిల్ పట్టుకున్న అరచేతులు తిమ్మిరెక్కి, దిగాక కాసేపటికి మామూలైపోతాయి కదా, ఇదీ అంతే. ఒకేచోట అదే పనిగా అదిరితే అక్కడి స్పర్శ కాసేపు మొద్దుబారుతుంది, వదిలేస్తే తిరిగొస్తుంది. అమెరికాలో 18 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్ల మీద చేసి 2009లో అచ్చేసిన సర్వేలో 52.5 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు వైబ్రేటర్ వాడినవాళ్లే, ఆ వాడినవాళ్లలో 71.5 శాతం మందికి అక్కడ ఏ ఇబ్బందీ ఎప్పుడూ రాలేదు. వదులైపోతుంది, ఇంక భర్తతో తృప్తి ఉండదు అని వాట్సాప్‌లో తిరిగేవన్నీ వదిలేయండి. చాలామంది ఆడవాళ్లకి కలయిక ఒక్కదానితోనే భావప్రాప్తి రాదు, క్లిటోరిస్ (యోని పైభాగంలో ఉండే చిన్న మొగ్గలాంటి భాగం) దగ్గర స్పర్శ కావాలి, అది లోపం కాదు, శరీరం తీరే అంత. మీరు ఆయనకి చెప్పి తెప్పించుకున్నారు చూడండి, నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఆ ఒక్క మాట చెప్పలేకే ఏళ్ల తరబడి నలిగిపోతుంటారు.

మరి మంట ఎందుకు అంటే, మీరు రాసినదాంట్లోనే మూడు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటి అనుమానం ఆ యాంటీసెప్టిక్ మీదే. గచ్చు కడుక్కోడానికీ, గాయానికీ పనికొచ్చేది అక్కడి సున్నితమైన చర్మానికి పనికిరాదు, నీళ్లు కలిపినా సరే. చర్మం పొడిబారి పైపొర లేచిపోతుంది, దానిమీద మూత్రం పడితే చురుక్కుమనదా మరి. ఇవాళ్టి నుంచే ఆపేయండి, ఒట్టి నీళ్లు చాలు, లోపలైతే నీళ్లు కూడా కొట్టుకోనక్కర్లేదు.

రెండోది ఆ మెత్తటి తొడుగు. ఇప్పుడు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోండి. కొత్త రెయిన్‌కోట్ విప్పినప్పుడు వచ్చే ఘాటు వాసన వస్తోందా? వేళ్లతో నొక్కితే జిడ్డుగా తగులుతోందా, సొరుగులో పెడితే నలక, వెంట్రుకలు అంటుకుంటున్నాయా? అయితే అది సిలికాన్ కాదు, జెల్లీ రకం ప్లాస్టిక్ అయ్యుంటుంది. గట్టి ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతుంటారు, అవి నెమ్మదిగా బయటికి ఊరుతూ ఉంటాయి. పైగా ఆ పదార్థానికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, మీరు రాసే నూనె, ఒంటి తేమ, సూక్ష్మక్రిములు అన్నీ అందులో చేరతాయి, ఎంత కడిగినా పూర్తిగా పోవు. అలాంటిదాన్ని పారేయడమే, మొహమాటం అక్కర్లేదు. పెట్టె వెనక సన్నటి అక్షరాల్లో 'నావెల్టీ కోసం మాత్రమే' అని ఉందేమో చూడండి, ఉంటే ఒంటికి తగిలితే మా పూచీ లేదని వాళ్లే చెప్పుకున్నట్టు. 'బాడీ సేఫ్' అని పెద్దక్షరాల్లో వేసినంత మాత్రాన ఎవరో పరీక్షించారని కాదు. ఇలాంటి వస్తువుల పదార్థం, డిజైన్ ఎలా ఉండాలో చెప్పే ఐఎస్‌ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణమే 2021లో వచ్చింది, అంతకుముందు ఎవరిష్టం వాళ్లది.

మూడోది ఆకారం, దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకైతే సగం ఫిర్యాదులకి మూలం ఇక్కడే కనిపిస్తుంది. లిప్‌స్టిక్ కొసలా సన్నగా ఉన్నదాంతో అదురంతా ఒక్క బిందువు మీదే పడుతుంది, శరీరంలో నరాలు ఎక్కువగా పోగుపడ్డ చోట అలా పొడిచినట్టు అదిరితే మొద్దుబారక ఏమవుతుంది. చూపుడువేలి కొస అంత గుండ్రంగా, ఇంకా కొంచెం వెడల్పుగా ఉంటే అదురు పరుచుకుంటుంది. అదురులో కూడా రెండు రకాలు, ఒకటి చెవి దగ్గర దోమలా సన్నగా గుయ్‌మంటుంది, అది చర్మం పైపైనే ఆడి తొందరగా తిమ్మిరెక్కిస్తుంది. ఇంకోటి ఆటో ఆగి ఉన్నప్పుడు ఇంజన్‌కి సీటు అదిరినట్టు బరువుగా, లోతుగా ఉంటుంది, చాలామందికి అదే హాయి. బటన్ బ్యాటరీలతో నడిచే చిన్నవాటిలో ఆ రెండోది దొరకడం కష్టం, మోటారు చిన్నది, అది తిప్పే బరువూ చిన్నదే. మణికట్టు లోపలివైపు పెట్టి ఆన్ చేసి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. అలాగే మోటారు కొసలో ఉండాలి, పిడి దగ్గర ఉంటే అదురంతా మీ వేళ్లకే ఎక్కుతుంది.

ఇంకో చిట్కా, దూది ఉండ తీసుకుని మసాజర్ మీద నాలుగువైపులా నిమరండి. అచ్చు పోసినప్పుడు రెండు సగాలు కలిసే చోట సన్నటి గీత మిగులుతుంది, అక్కడ దూది పోగులు పట్టుకున్నాయంటే మీ చర్మాన్నీ గీరుతున్నట్టే. గోటితో తడిమినా తెలుస్తుంది. అంత చిన్న గీత ఏం చేస్తుందిలే అనుకోకండి, చీర బ్లౌజు లోపల కుట్టు గరుగ్గా ఉంటేనే సాయంత్రానికి ఒరుసుకుపోతుంది.

కొత్తది కొంటే పైన సిలికాన్, లేదా నున్నటి గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ ఉన్నది, చార్జింగ్‌ది తీసుకోండి. మీ ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడున్నాడు, బటన్ బ్యాటరీలు వద్దే వద్దు. పిల్లలు మింగితే అది ఆహారనాళంలో ఇరుక్కుని 2 గంటల్లోనే లోపల కాల్చేయగలదు, ఈ మంట కన్నా నాకు అదే ఎక్కువ భయం, ఇప్పుడున్నవి తీసి టేపు చుట్టి బాబుకి అందకుండా బయట పడేయండి. ఐపీఎక్స్7 అని రాసుంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం, భయం లేకుండా కడగొచ్చు. బటన్లు ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. ఒకే బటన్ పెట్టి పది రకాల అదురు ఇస్తారు, తగ్గించాలంటే ఆ పదీ దాటుకుని రావాలి, ఎవడికి కావాలి ఆ గోల. పెంచడానికొకటి తగ్గించడానికొకటి విడిగా ఉన్నదే సుఖం, దాంతోపాటు లాక్ కూడా ఉండాలి. మొన్న ఓపీలో ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ బుర్రున మోగడం మొదలెడితే పక్కనున్న పెద్దావిడ పాపం 'ఫోన్ తియ్యమ్మా, ఎంతసేపట్నుంచో చేస్తున్నారు' అంటూనే ఉంది.

వాడకం సంగతికొస్తే, కొబ్బరినూనె బదులు నీళ్ల ఆధారిత జెల్ తీసుకోండి. మీ ఆయన వచ్చినప్పుడు కండోమ్ వాడేట్టయితే ఇది ఇంకా ముఖ్యం, నూనె తగిలితే లేటెక్స్ చిరిగిపోతుంది. సిలికాన్ జెల్‌తో సిలికాన్ వస్తువు పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి అదీ వద్దు. గ్లిజరిన్ బాగా ఎక్కువున్న జెల్ చర్మంలోంచి నీళ్లు లాగేస్తుంది, ఆ గాఢత, అంటే ఆస్మోలాలిటీ, 1200 దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, పీహెచ్ 4.5 దగ్గర ఉంటే యోనికి సరిపోతుంది. తక్కువ స్పీడుతో మొదలెట్టండి, మొదట్లో పల్చటి నూలు బట్ట మీదనుంచి పెట్టుకున్నా పర్లేదు, ఒకేచోట నొక్కిపట్టకుండా జరుపుతూ ఉండండి. అయ్యాక మూత్రానికి వెళ్లండి. వస్తువుని గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి, మోటారున్నదాన్ని మరిగించకండి. ఎవరితోనూ పంచుకోవద్దు. ఇంత చిన్నదాన్ని వెనక మార్గంలో మాత్రం అసలు వాడొద్దు, కింద వెడల్పు అంచు ఉండదు కాబట్టి లోపలికి జారిపోతే తీయడానికి ఆపరేషన్ థియేటర్ దాకా పోవాల్సొస్తుంది.

రెండు వారాలు అన్నీ ఆపేసి చూడండి, అప్పటికి చర్మం సర్దుకోవాలి. మూత్రంలో మంట మాత్రం రెండు మూడ్రోజులైనా తగ్గకపోతే, జ్వరం వచ్చినా, యూరిన్ టెస్ట్, కల్చర్ చేయించండి. పెరుగు విరిగినట్టు తెల్లబట్ట మొదలైనా, దురద మళ్లీ మళ్లీ వస్తున్నా షుగర్ టెస్ట్ కూడా చేయించాలి, మెడికల్ షాపులో అడిగి ఏదో ఆయింట్‌మెంట్ రాసుకోకండి. రక్తం కనిపించినా, పొక్కులొచ్చినా, పొత్తికడుపు నొప్పి ఉన్నా ఆగకుండా గైనకాలజిస్ట్‌ని కలవండి. ఏం వాడారో దాచకుండా చెప్పండి, మాకు ఇది కొత్త కాదు.

మీరు అడగలేదు గానీ చట్టం గురించి చాలామంది అడుగుతున్నారు. బాడీ మసాజర్ల సరుకుని కస్టమ్స్ వాళ్లు ఆపేసిన కేసులో అవి దిగుమతి నిషేధం కిందికి రావని 2024 మార్చిలో బాంబే హైకోర్టు చెప్పింది. కువైట్‌లో అలా కాదు, ఇలాంటివి అక్కడ నిషిద్ధం. ఎప్పుడైనా మీ ఆయన దగ్గరికి వెళ్లేట్టయితే దీన్ని ఇంట్లో బీరువాలోనే పెట్టి తాళం వేసి వెళ్లండి.