లాభదాయకతా, గిట్టుబాటా?

సందేహం: చేపల వ్యాపారానికి లోన్ కోసం ప్రాజెక్టు రిపోర్టు తెలుగులో రాస్తున్నాను. ‘ప్రాఫిటబిలిటీ’ అన్నచోట ‘లాభం’ అని రాస్తే మా ఆడిటర్ ఒప్పుకోలేదు. రెండూ ఒకటి కాదా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: ఒకటి కాదు. లాభం అంటే ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము. లక్ష పెట్టినవాడికీ, పది లక్షలు పెట్టినవాడికీ 20 వేలే మిగిలితే ఇద్దరి లాభమూ సమానమే. కానీ మొదటివాడిది నూటికి 20, రెండోవాడిది నూటికి 2. ఆ తేడాను చెప్పేది ప్రాఫిటబిలిటీ. దానికి ‘లాభదాయకత’ అన్న మాట స్థిరపడింది.

అయితే మన వాడుకలో అంతకంటే చక్కని మాట ఉంది: గిట్టుబాటు. ఫిషింగ్ హార్బర్‌లో వేట నుంచి వచ్చిన బోటు యజమానిని పలకరించండి. డీజిలు, ఐసు, కూలి లెక్క చూసుకుని ‘ఈసారి గిట్టలేదండీ’ అంటాడు. పెట్టుబడి, శ్రమ, రాబడి మూడూ ఆ ఒక్క క్రియలో ఇమిడిపోయాయి. తమిళంలో ‘కిట్ట’ అంటే దగ్గర, ‘కిట్టు’ అంటే చేరువకావడం, దొరకడం. మన గిట్టు కూడా ఆ కుదురుదేనని నా నమ్మకం. చేతికి అందింది గిట్టింది. మనసుకు దగ్గర కానిది గిట్టనిది. ఇక ‘బాటు’ అంటారా, పడు నుంచి వచ్చిన పాటే. సర్దుబాటు, దిద్దుబాటుల్లో ఉన్నదీ అదే. వేమన ‘పుట్టలోన చెదలు పుట్టవా గిట్టవా’ అన్నప్పటి గిట్టడం చావడం. అది ఇదే ధాతువో, వేరో తేల్చి చెప్పలేను.

ఇంత మంచి మాటనూ మనవాళ్లు పాడుచేస్తున్నారు. మద్దతు ధర ప్రకటించగానే ‘గిట్టుబాటు ధర’ అని రాసేస్తారు. మద్దతు ధర ప్రభుత్వం నిర్ణయించేది. అది గిట్టిందో లేదో చెప్పవలసినవాడు రైతు. ఈ రెంటినీ కలిపేయడం తప్పు.

మరి మీ రిపోర్టులో ఏది రాయాలి? శాతాల పట్టిక ఉన్నచోట లాభదాయకతే నయం, ఎందుకంటే గిట్టుబాటు అంటే ఖర్చుకు సరిపడా వచ్చిందనే అర్థమూ కొందరు తీస్తారు. వ్యాపారం గురించి మామూలుగా వివరించేచోట గిట్టుబాటు రాసినా తప్పుపట్టను. ‘ఈ వ్యాపారం లాభదాయకతను కలిగి ఉన్నది’ అని మాత్రం రాయకండి. ‘ఈ వ్యాపారం గిట్టుతుంది’ అంటే బ్యాంకువారికీ తెలుస్తుంది.